సూర్యలంకలో రెండ్రోజులు: అలలు లేని చోటే భయం

వాయుగుండాలు, కార్తీక స్నానాలు, వారాంతపు రిసార్టు బుకింగులు. బాపట్ల, చీరాల తీరంలో ఈ మూడూ కలిసే వస్తాయి. "విహారంలో విషాదం" అన్న హెడ్డింగు కూడా వాటి వెంటే వస్తుంది. 2022 జులైలో అనకాపల్లి జిల్లా పూడిమడకలో, పరీక్షలయ్యాక సరదాగా వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థులు ఆరుగురు ఒక్క పూటలో పోయారు. టోపీ, సన్‌స్క్రీన్, మంచినీళ్ల సంగతి మీకు తెలిసిందే, వదిలేద్దాం. మనుషుల్ని ముంచేది వేరే పొరపాటు: అలలు లేని చోటు వెతుక్కుని మరీ దిగడం.

ఎక్కడ దిగకూడదు

ఒడ్డుకు కొంచెం అవతల నీళ్ల కింద ఇసుక మేటలుంటాయి. అల మేటకు తగిలి విరిగి, నురగై ఒడ్డుకొస్తుంది. వచ్చిన నీళ్లన్నీ మళ్లీ వెనక్కి పోవాలిగా? మేటలో గండి ఎక్కడుంటే అక్కడినుంచి ఏరులా పోతాయి. దీన్నే రిప్ కరెంట్ అంటారు. గండిలో లోతెక్కువ, అందుకే అల విరగదు. అటూ ఇటూ తెల్లటి నురగ, మధ్యలో పదో ఇరవయ్యో మీటర్ల మేర నున్నగా, కాస్త ముదురు రంగు నీళ్లు. పిల్లలున్నవాళ్లు "ఇక్కడైతే అలలు తక్కువ" అని సరిగ్గా అక్కడికే నడుస్తారు. ఆ ఏరు జోరు మీదుంటే సెకనుకు రెండు మీటర్లు పోతుంది. పోటీల్లో ఈదేవాళ్లకే ఎదురీదడం గగనం.

దిగే ముందు పది నిమిషాలు చూడండి, రిసార్టు మెట్ల మీంచైనా సరే. ఎత్తు నుంచి బాగా తెలుస్తుంది. నురగ, చెత్త, కలక నీళ్లు పాయలా లోపలికి పోతుంటే అదే గండి. అనుమానముంటే తాగేసిన కొబ్బరిబోండం ఒకటి విసరండి. అలలు దాన్ని ఒడ్డుకు నెట్టకుండా అది లోపలికి జారిపోతోందంటే మీరూ అలాగే పోతారు. నిన్న బాగున్న చోటని ఇవాళ నమ్మొద్దు, మేటలు కదులుతాయి. సముద్రం వెనక్కి తీసే పాటు వేళ లాగుడు ఎక్కువ. నేల మీది ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర అసలు దిగొద్దు. వల లాగేవాళ్లను "ఇవాళ లాగుడెక్కడుంది?" అని అడగండి. చెప్పాక వాళ్లతో వాదించొద్దు.

లాగేస్తుంటే

అది కిందికి లాగదు, లోపలికి లాగుతుంది. మునిగేది ఒడ్డుకేసి ఎదురీది అలసిపోయినవాళ్లే. వెల్లకిలా తేలండి, చెయ్యెత్తి అరవండి. అలలు విరిగే చోటు దాటితే లాగుడు సాధారణంగా సడలుతుంది. అప్పుడు తీరం వెంబడే పక్కకు ఈది, నురగ ఉన్నచోట అలతోపాటు ఒడ్డుకు రండి.

కాపాడబోయేవాళ్లు

ఒకరు కొట్టుకుపోతుంటే నలుగురు అదే గండిలో దూకుతారు. మళ్లీ అదే పొరపాటు, ఈసారి తెలిసి. చేతులు పట్టుకుని గొలుసు కట్టొద్దు, కాళ్ల కింద ఇసుక జారితే గొలుసంతా పోతుంది. ఐదు లీటర్ల ఖాళీ క్యాన్ పిడికి ఇరవై మీటర్ల నైలాన్ తాడు కట్టి ఒడ్డున పెట్టుకోండి. అందులో గ్లాసుడు నీళ్లుంచి మూత బిగించండి. ఉత్త క్యాన్ గాలికి పక్కకు పోతుంది, అడుగున ఆ కాస్త బరువుంటే విసిరిన చోట పడుతుంది.

ఇక మిగతావి:

– నిజాంపట్నం హార్బర్లో ప్రమాద హెచ్చరిక ఎగరేశారా, ఒడ్డునే కూర్చోండి. ఎండ కాస్తున్నా సరే. వందల కిలోమీటర్ల అవతల లేచిన అలలకు ఇక్కడి ఎండతో పనిలేదు.

– ఈత రానివాళ్లు మోకాళ్లు దాటొద్దు. నడుము లోతులో అల కాళ్లను ఇసుక మీంచి లేపేస్తుంది.

– గాలి ట్యూబులు పొద్దున్నే వద్దు. ఆ వేళ గాలి నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది.

– చీరతో, జీన్స్‌తో దిగొద్దు.

– మందు కొట్టి దిగొద్దు. బీరు కూడా మందే.

– సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు దిగొద్దు.

– అలలు లేని చోట దిగొద్దు.

– నీళ్లలో పాదాలు ఈడ్చి నడవండి, ఇసుకలో టేకు చేప (తోకలో ముల్లుండేది) ఉంటే తప్పుకుంటుంది. ముల్లు గుచ్చితే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో కాలు పెట్టి, నొప్పి తగ్గాక ఆసుపత్రికి.

– మునిగి తేలిన మనిషిని తలకిందులుగా తిప్పొద్దు, పొట్ట నొక్కొద్దు. ఊపిరి లేకపోతే ముందు నోటితో ఐదుసార్లు గాలి ఊదండి, తర్వాత రొమ్ము మీద 30 నొక్కులు, 2 ఊదులు, ఆపకుండా. పక్కవాళ్లు 108కి ఫోన్ చేయాలి.

– తేరుకుని కూర్చున్నా దగ్గు, ఆయాసం ఉంటే రూముకి కాదు, ఆసుపత్రికే.

– చీకటి పడ్డాక దిగొద్దు.

– ఆదివారం చెక్ఔట్ ముందు, కారు స్టార్ట్ చేసి ఉంచి "ఒక్క మునక" అంటారు. పది నిమిషాలు నిలబడి చూసే తీరిక లేకపోతే ఆ మునకా వద్దు.