రోహిణి కార్తె రాకముందే: రైజెన్ 5 5600 ఓవర్‌క్లాక్ జాగ్రత్తలు

డిసెంబరులో ఓవర్‌క్లాక్ చేసి, అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన స్పీడుకు మించి నడిపించి, బాగానే నడుస్తోంది కదా అని వదిలేసిన సిస్టమే మే నెలలో మొరాయిస్తుంది. ఫ్యానుతో నడిచే ఏ కూలరూ ప్రాసెసర్‌ను గది వేడి కంటే కిందికి దించలేదు. గది 25 డిగ్రీలున్నప్పుడు 75 దగ్గర ఆగిన చిప్, గది 40కి చేరితే అదే పనికి 90 తాకుతుంది. రైజెన్ 5 5600 ప్రాసెసర్‌కు తయారీదారు ఏఎండీ పెట్టిన హద్దు సరిగ్గా ఆ 90 డిగ్రీలే. అక్కడ చిప్ తనే స్పీడు తగ్గించుకుంటుంది, పడ్డ శ్రమంతా వృథా. అందుకే ఏ సెట్టింగునైనా ఎండ ముదిరాక, మధ్యాహ్నం మూడింటికి, ఏసీ ఆపి, క్యాబినెట్ మూసి పరీక్షించండి. రోళ్లు పగిలే ఎండలో నిలిచిందే నిలిచినట్టు.

ముందు మదర్‌బోర్డు చూసుకోండి. ఏ320, ఏ520 బోర్డులు ఈ పనికి కావు. బీ450, బీ550 అయితే చేయొచ్చు. కొన్ని చవక బీ450ల్లో మాత్రం వీఆర్‌ఎం (ప్రాసెసర్‌కు తగిన వోల్టేజీ అందించే భాగం) మీద వేడిని లాగే హీట్‌సింక్ ఉండదు. ఇక్కడే చాలామంది గమనించని మెలిక ఒకటుంది. డబ్బాలో వచ్చే రైత్ స్టెల్త్ కూలర్ గాలిని కిందికి ఊదుతుంది, ఆ గాలి పక్కనున్న వీఆర్‌ఎంకూ తగులుతుంది. టవర్ కూలర్ గాలిని పక్కకు తోస్తుంది. దాంతో ప్రాసెసర్ చల్లబడుతుంది, వీఆర్‌ఎం వేడెక్కుతుంది. టవర్ కూలర్ పెడితే వెనక 120 ఎంఎం ఎగ్జాస్ట్ ఫ్యాను తప్పనిసరి. సిస్టం వేడి, స్పీడు చూపించే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో ప్రోగ్రాంలో వీఆర్‌ఎం వేడి 100 డిగ్రీలు దాటుతుంటే ఆ బోర్డుతో ఇక ముందుకెళ్లొద్దు.

పాత కూలర్ తీసేటప్పుడు మరో గండం. ఏఎం4 చిప్‌కు పిన్నులు అడుగున ఉంటాయి. చిప్‌కూ కూలర్‌కూ మధ్య ఉండే థర్మల్ పేస్టు చల్లగా ఉంటే గట్టిగా పట్టుకుంటుంది, లాగితే చిప్ కూడా సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. పది నిమిషాలు ఏదైనా బరువైన ప్రోగ్రాం నడిపి, సిస్టం ఆపి, ప్లగ్ తీసి, స్క్రూలు విప్పాక కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి అప్పుడు ఎత్తండి.

క్యాబినెట్‌తో పాటు వచ్చిన పేరులేని ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) మీద ఓవర్‌క్లాక్ వద్దు. 80 ప్లస్ బ్రాంజ్ సర్టిఫికెట్ ఉన్న, 450 నుంచి 550 వాట్లది పెట్టండి. మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లే. గ్రాఫిక్స్ కార్డు కూడా ఉంటే కరెంటు పోయిన క్షణంలో అది చేతులెత్తేయొచ్చు. కరెంటు కోతల వేళ బయోస్ (బోర్డు సెట్టింగులుండే ప్రోగ్రాం) అప్‌డేట్ జోలికి అసలు వెళ్లకండి.

ఇక వోల్టేజీ. చిన్నపాటి పని చేస్తున్నప్పుడు 1.4 వోల్టులు కనిపిస్తే కంగారు పడొద్దు. చిప్‌లోని ఆరు కోర్లలో (పని చేసే భాగాల్లో) ఒకటి రెండే పరుగెత్తుతాయి, కరెంటు తక్కువ, కాబట్టి అది మామూలే. ఆ అంకె చూసి బయోస్‌లో 1.4 అని ఫిక్స్ చేస్తేనే ప్రమాదం. ఆరు కోర్లూ పూర్తి లోడులో ఉన్నప్పుడు వోల్టేజీ, కరెంటు, వేడి మూడూ కలిసి చిప్‌ను అరగదీస్తాయి. నిన్నటిదాకా నడిచిన స్పీడుకే చిప్ మరింత వోల్టేజీ అడగడం మొదలుపెడుతుంది. ఇలా పాడైతే వారంటీ కూడా రాదు. మాన్యువల్‌గానే చేస్తామంటే 1.25 దాటించకండి.

మా సలహా మాత్రం పీబీఓ (చిప్ తనంతట తనే స్పీడు పెంచుకునే ఏఎండీ సదుపాయం), అందులోని కర్వ్ ఆప్టిమైజర్ (ఒక్కో స్పీడుకు ఇచ్చే వోల్టేజీని సర్దే సెట్టింగు). బయోస్‌లో పీబీఓను అడ్వాన్స్‌డ్‌లో పెట్టి, చిప్ వాడుకునే పవరుకు, కరెంటుకు ఉండే హద్దులు పీపీటీ 76, టీడీసీ 60, ఈడీసీ 90 అలాగే ఉంచండి. కర్వ్ ఆప్టిమైజర్‌లో ఆల్ కోర్, నెగటివ్, 10తో మొదలుపెట్టండి. నిలిస్తే 15, ఆ తర్వాత 20. గరిష్ఠ స్పీడును పెంచే బూస్ట్ ఓవర్‌రైడ్ 200 మెగాహెర్ట్జ్ పెట్టినా 4.4 గిగాహెర్ట్జ్ మీద పెరిగేది ఐదు శాతం లోపే. దానికోసం వేసవిలో అదనపు వేడి మోయడం దండగ. నెగటివ్ కర్వ్ ఒక్కటే చాలు, వేడి తగ్గుతుంది, స్పీడు నిలకడగా ఉంటుంది.

ప్రతి మార్పు తర్వాత ప్రాసెసర్‌ను పరీక్షించే సినీబెంచ్ ఆర్23 ప్రోగ్రాం అరగంట నడపండి, కానీ అది ఒక్కటే నమ్మొద్దు. నెగటివ్ కర్వ్ ఎక్కువైతే సిస్టం పూర్తి లోడులో చెక్కుచెదరదు, యూట్యూబ్ చూస్తుంటేనో ఊరికే ఉన్నప్పుడో రీస్టార్ట్ అవుతుంది. ఒంటరి కోరు పైస్పీడుకు ఎగిరినప్పుడే వోల్టేజీ చాలదు మరి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ లాగర్, ఈవెంట్ 18 (హార్డ్‌వేర్ తప్పు నమోదు) కనిపిస్తే ముందుగా కర్వ్‌నే అనుమానించండి. కోర్లను ఒక్కొక్కటిగా పరీక్షించే కోర్‌సైక్లర్ ప్రోగ్రాంను రాత్రంతా నడిపితే ఏ కోరు తప్పుతోందో తెలుస్తుంది, దాని ఒక్కదానికే నెగటివ్ అంకెను 5 తగ్గించండి, అంటే 20 ఉంటే 15 చేయండి. క్రాష్ లేకపోయినా సినీబెంచ్ స్కోరు పడిపోతే, చూపించే స్పీడు కాదు, హెచ్‌డబ్ల్యూ ఇన్ఫోలో ఎఫెక్టివ్ క్లాక్ (నిజంగా నడిచిన స్పీడు) చూడండి.

ర్యామ్ స్పీడు పెంచే ఎక్స్ఎంపీ సెట్టింగును అదే రోజు మార్చకండి. రెండూ కలిపితే తప్పు దేనిదో తేలదు, పైగా ర్యామ్ తప్పులు ఫైళ్లను చడీచప్పుడు లేకుండా పాడుచేస్తాయి. మొదలుపెట్టే ముందే ముఖ్యమైన ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.

స్క్రీన్ రాకుండా ఆగిపోతే ప్లగ్ తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి, బోర్డు మీది సీఆర్2032 సెల్ ఐదు నిమిషాలు బయట ఉంచి తిరిగి పెట్టండి. బయోస్ కంపెనీ పెట్టిన మొదటి సెట్టింగులకు వస్తుంది.