గోవా క్యాసినోకు వెళ్లే ముందు వేసుకోవాల్సిన లెక్క

బెజవాడలోనో గుంటూరులోనో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి గోవా వెళ్లే బ్యాచ్‌లు ఒక రాత్రి మాండోవి నదిలోని క్యాసినో షిప్పుకు కేటాయిస్తాయి. అక్కడ మిమ్మల్ని మోసం చేయాల్సిన అవసరం వాళ్లకు లేదు. ఎక్కువసేపు కూర్చోబెడితే చాలు.

రూలెట్ అంటే తిరిగే చక్రంలో బంతి ఏ గడిలో ఆగుతుందో పందెం కాయడం. ఒక్క సున్నా ఉన్న చక్రంలో 37 గళ్లు. ఎరుపు మీద కాస్తే 18 మీవి, 18 నలుపులూ సున్నా కలిపి 19 వాళ్లవి. ఆటకు ₹500 చొప్పున గంటకు 40 ఆటలంటే ₹20,000 పందెం. అందులో సగటున ₹540 పోతుంది. రెండు సున్నాలుంటే పోయేది ₹1,050 దాటుతుంది. అందుకే కూర్చోకముందే సున్నాలు చూసుకోండి.

అందర్-బహార్ మనకు తెలిసిన లోపలా-బయటానే కదా అని ధీమా పడొద్దు. మొదటి ముక్క పడే వైపు గెలిచే అవకాశం సుమారు 51.5 శాతం. అందుకే ఆ వైపు గెలిస్తే చాలా టేబుళ్లలో వందకు 90 రూపాయలే ఇస్తారు. ఆ పది రూపాయల్లోనే ఉంది కిటుకంతా.

స్లాట్ మెషీన్ మరీ ప్రమాదం. తెర మీద బొమ్మలు కలవాల్సిన 20 లైన్ల మీద ఐదేసి రూపాయలు, అంటే వంద పెడతారు. నలభై తిరిగొస్తుంది. లైట్లు వెలుగుతాయి, మ్యూజిక్ మోగుతుంది. పోయింది అరవై, మనసుకు మాత్రం గెలిచినట్టే ఉంటుంది. ఆరు సెకన్లకోసారి నొక్కితే గంటకు 600 నొక్కులు, ₹60,000 పందెం. ప్రతి నొక్కుకూ తెర మీద మిగిలిన క్రెడిట్ చూడండి, చప్పుడు కాదు.

రూలెట్ పక్కన పాత నంబర్లు చూపే బోర్డు ఎందుకు పెడతారు? 1913 ఆగస్టు 18న మొనాకోలోని మాంటె కార్లో క్యాసినోలో నలుపు వరసగా 26 సార్లు పడింది. ఇక ఎరుపు ఖాయమని కాసినవాళ్లు నిండా మునిగారు. చక్రానికి నిన్నా మొన్నా గుర్తుండవు.

లోపల చాలాచోట్ల కిటికీలుండవు, గోడ గడియారాలుండవు. ఫోన్‌లో గంటకో వైబ్రేషన్ అలారం పెట్టుకోండి. ఎంట్రీ ప్యాకేజీలో వచ్చే మందు తాగాలనుంటే ఆట మానేశాకే. ఆ ప్యాకేజీలోనే ఇచ్చే ఆట చిప్స్‌ను, అంటే డబ్బుకు బదులు కాసే బిళ్లలను, చాలాచోట్ల నగదుగా మార్చరు. అవి అయిపోయేసరికి మీరు టేబుల్ దగ్గర స్థిరపడి ఉంటారు. చిప్ చేతిలో ఉంటే నోటు గుర్తురాదు కాబట్టి ప్రతి పందేన్నీ రూపాయల్లో పైకి అనుకోండి. కార్డు, యూపీఐ ఉన్న ఫోన్ రూమ్‌లో వదిలి, అలారానికి మామూలు బటన్ ఫోన్ తీసుకెళ్తే ఇంకా మేలు. గెలిచినా క్యాష్ కౌంటర్‌కు టేబుళ్ల మధ్య నుంచే నడవాలి, అప్పుడు పక్కన ఆడని స్నేహితుడొకడు ఉండాలి.