ప్రెస్ షాపులో వృథా తగ్గింపు – 3వ పాఠం: రేకు మీద బిళ్ళల అమరిక

ప్రెస్ షాపులో, అంటే ప్రెస్ మెషీన్‌తో రేకు నుంచి భాగాలు కొట్టే చోట, రోజువారీ తుక్కును తూకం వేసి, కొన్న రేకు బరువులో అది ఎంత శాతమో పుస్తకంలో రాసుకునే పద్ధతిని గత పాఠంలో చూశాం. ఆ పుస్తకం రాస్తున్నవారికి ఈపాటికి ఒక సంగతి తెలిసి ఉంటుంది. పాడైన సరుకు వల్ల వచ్చే తుక్కు కంటే, ఏ పొరపాటూ లేకుండా డ్రాయింగు ప్రకారం పని చేసినా మిగిలే తుక్కే చాలా ఎక్కువ. బిళ్ళలు ఊడిపోయాక మిగిలే చిల్లుల పట్టీ ఎవరి తప్పూ కాదు కాబట్టి దాని గురించి ఎవరూ ఎవరినీ అడగరు. ఈ పాఠం ఆ పట్టీ గురించే.

బాలానగర్‌లోనైనా విజయవాడ ఆటోనగర్‌లోనైనా చిన్న ప్రెస్ షాపుల్లో మామూలుగా ఉండే పనినే తీసుకుందాం. 2 మి.మీ. మందం ఉక్కు రేకు నుంచి 50 మి.మీ. వ్యాసం గల బిళ్ళలు కొట్టాలి. రేకు 2500 × 1250 మి.మీ.; ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాముల లెక్కన దాని బరువు సుమారు 49 కిలోలు, ఒక్కో బిళ్ళ బరువు 31 గ్రాములకు కాస్త తక్కువ. బిళ్ళకూ బిళ్ళకూ మధ్య, బిళ్ళకూ పట్టీ అంచుకూ మధ్య 2 మి.మీ. సందు వదులుదాం. ఈ సందును రేకు మందం కంటే తగ్గించి ఆదా చేయాలనుకుంటే, సన్నని భాగం డైలోకి (రేకు కింద ఉండే చిల్లు అచ్చులోకి) లాగుకుపోయి బిళ్ళ అంచున బర్ (గరుకు మొన) లేస్తుంది. పై నుంచి దిగి బిళ్ళను కొట్టే పంచ్ కూడా త్వరగా పాడవుతుంది.

చాలా చోట్ల చేసే పద్ధతి ఒకే వరుస. 54 మి.మీ. వెడల్పుతో రేకును పొడుగునా కోస్తే 23 పట్టీలు, పట్టీకి 48 బిళ్ళలు, మొత్తం 1104 వస్తాయి. రేకులో దాదాపు 69 శాతమే సరుకవుతుంది.

ఇప్పుడు రెండో వరుసను మొదటి వరుస బిళ్ళల సందుల్లోకి జరిపి అమర్చండి. మూడు పక్క బిళ్ళల కేంద్రాలు 52 మి.మీ. భుజం గల సమబాహు త్రిభుజంగా ఏర్పడతాయి, కాబట్టి వరుసల మధ్య దూరం 52 కాదు, 52 × 0.866, అంటే 45 మి.మీ. మాత్రమే. పట్టీ వెడల్పు 99.1 మి.మీ. పెట్టుకుంటే 12 పట్టీలు వస్తాయి. ఒక్కోదానిలో 48, 47 చొప్పున 95 బిళ్ళలు. ఇంకా సుమారు 60 మి.మీ. వెడల్పు మిగులుతుంది, దాన్ని తుక్కులో వేయకుండా ఒంటి వరుస పట్టీగా వాడితే మరో 48. మొత్తం 1188. అదే రేకు నుంచి 84 బిళ్ళలు ఎక్కువ వచ్చాయి. ఇదే రేకును పొడుగునా కాక అడ్డంగా కోసి ఉంటే 1175 దగ్గరే ఆగిపోయేది. రేకును పట్టీలుగా కోసే షియరింగ్ మెషీన్ దగ్గర దాన్ని ఏ వైపు నుంచి పెట్టాలన్నది కూడా లెక్క వేసి తేల్చవలసిన విషయమే.

“తుక్కు ఊరికే పోవడం లేదు కదా, అమ్ముకుంటున్నాం కదా” అనే వాదన యజమానుల నోట తరచుగా వినిపిస్తుంది. నా దృష్టిలో ఈ రంగంలో ఇంతకంటే ఖరీదైన మాట లేదు. రేకు కిలో 60 రూపాయలకు కొని, తుక్కు 30 రూపాయలకు అమ్ముతున్నారనుకుందాం. తుక్కు డబ్బు తీసివేశాక కూడా ఒంటి వరుసలో బిళ్ళకు పడే ఉక్కు ఖర్చు సుమారు 2.26 రూపాయలు, జంట వరుసలో 2.16. నెలకు లక్ష బిళ్ళలు కొట్టే షాపుకు తేడా తొమ్మిది వేలకు పైనే. మీ షాపు ధరలతో ఈ లెక్కను మళ్ళీ వేసుకోండి.

జంట వరుసకు రెండు పంచ్‌ల డై ఉంటే మంచిది. లేకపోతే ఒంటి డైతోనే ఒక వరుస కొట్టి, పట్టీని తిప్పి రెండో వరుస కొట్టవచ్చు. ఇక్కడే జాగ్రత్త అవసరం. మొదటిసారి తొలి బిళ్ళ కేంద్రం పట్టీ కొస నుంచి 27 మి.మీ. దూరంలో ఉంటే, తిప్పి పెట్టినప్పుడు రెండో కొస నుంచి 55 మి.మీ. దూరంలో ఉండాలి. పట్టీ కొసను ఆపే స్టాపర్‌ను మార్చకుండా అదే స్థానంలో కొడితే రెండో వరుస మొదటి వరుస చిల్లుల మీదికి ఎక్కి బిళ్ళలు ఒక అంచు లేకుండా తెగుతాయి. అలా ఒకవైపే బరువు పడిన పంచ్ పక్కకు ఒరిగి అంచు విరిగే ప్రమాదం ఉంది. రెండు స్టాపర్లకూ వేర్వేరు రంగు పూయించడం చవకైన ఉపాయం.

వరుసలు పెంచుకుంటూ పోతే లాభం కూడా అలాగే పెరుగుతుందనుకోవద్దు. మూడు వరుసలకు ఇదే రేకులో వచ్చేది 1192, అంటే రెండు వరుసల కంటే నాలుగు బిళ్ళలే ఎక్కువ. పట్టీలు కోశాక 97 మి.మీ. మిగిలినా అది జంట వరుసకు చాలకపోవడమే కారణం. ఇక తరువాత వంచవలసిన భాగాలకు ఈ స్వేచ్ఛ ఉండదు. రేకును రోల్ చేసిన దిశకు అడ్డంగా వంపు గీత రావాలి, లేకపోతే వంపు దగ్గర పగులు వచ్చే అవకాశం ఎక్కువ.

అభ్యాసం: 2440 × 1220 మి.మీ. రేకుకు ఒంటి వరుస, జంట వరుస లెక్కలను పొడుగునా, అడ్డంగా రెండు విధాలా వేయండి. సందు 2 మి.మీ.గానే ఉంచండి, కోశాక మిగిలే ముక్క వెడల్పును తప్పక రాయండి. జవాబులు 4వ పాఠం మొదట్లో ఉంటాయి. ఆ తరువాత డై మార్చడానికి పట్టే సమయం గురించి మొదలుపెడదాం.