బండల లోడుకు ట్రాక్టరు ముందు చక్రాలు లేస్తుంటే: నా అనుభవం

రెండు చక్రాల ట్రాలీలో 3 టన్నుల కడప బండలు వేసుకుని మిట్ట ఎక్కుతుంటే ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు పట్టు తప్పేది. టైర్లలో గాలి తగ్గించినా, బంపరు మీద రాళ్లు కట్టినా పూర్తిగా పోలేదు.

తప్పు బండలు పేర్చడంలోనే ఉంది. అన్నీ ముందు పలకకే ఆనించి నిలబెట్టడంతో బరువు మధ్యబిందువు ఇరుసుకు 75 సెంటీమీటర్లు ముందుకు పడింది. హుక్కు నుంచి ఇరుసుకు 3 మీటర్లు. అంటే 3000 × 0.75 ÷ 3, హుక్కు మీద 750 కిలోలు! అది వెనక చక్రాల అవతల వేలాడుతూ ముందు భాగాన్ని పైకి లేపుతుంది.

చదును నేల మీద, హుక్కు విప్పకుండా, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి బండలు దించాలి (విప్పి దించితే ట్రాలీ ఎటైనా తిరగబడొచ్చు). ఇరుసు ఎక్కడుందో ట్రాలీ పక్కపలక మీద సుద్దతో గీత గీసి, మధ్యబిందువు దానికి 30 సెంటీమీటర్లు ముందు పడేలా తిరిగి పేర్చి, చెక్క చీలలు కొట్టి తాళ్లతో బిగించాం. హుక్కు బరువు 300 కిలోలకు దిగింది. ఆ తర్వాత హుక్కును ఒక రంధ్రం కిందికి మార్చాం. లాగే బలం నేలకు దగ్గరైతే ఎత్తే గుణం తగ్గుతుంది.

ఇరుసు వెనక్కి మాత్రం బరువు పోనివ్వొద్దు, హుక్కు పైకి లేచి ట్రాక్టరు వెనక చక్రాలు జారతాయి. నాలుగు చక్రాల ట్రాలీకి ఈ లెక్క పనికిరాదు.