సెకండ్ హ్యాండ్ డౌన్‌హిల్ బైకు: ఆటోనగర్‌లో బాగయ్యేదేది, కానిదేది

నేను విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పని చేస్తాను. లారీ హబ్బులు, బుష్‌లు, ట్రాక్టరు షాఫ్టులు, రోజూ ఇదే. ఆదివారం తెల్లారేసరికి మాత్రం సైకిలేసుకుని కొండపల్లి వైపు పోతాను. పదేళ్ళ నుంచి ఇదే అలవాటు.

మొన్న గుంటూరు నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, బెంగళూరులో ఒకతను డౌన్‌హిల్ బైకు అమ్ముతున్నాడు. 45 వేలంట. ఫోటోలు బాగున్నాయి. అడ్వాన్సు వేసేయనా?"

"చూడకుండా ఒక్క రూపాయి వేయకు" అన్నాను. ఆ రోజు వాడికి గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. తక్కువ డబ్బుతో ఈ బైకు, అంటే కొండ మీంచి దిగడానికే చేసిన గట్టి సైకిలు, కొనాలని మన ఊళ్ళలో ఇంకా చాలామంది పిల్లలకుంది, అందరూ అడిగేది ఇదే.

కొండ మీంచి రాళ్ళలోకి దూకించిన బండి అరగకుండా ఉండదు. ఏది అరిగిందో చూడాలి. ఆటోనగర్‌లో బాగయ్యే జబ్బుంటే ధర తగ్గించి తీసుకోండి. ఇక్కడ బాగు కానిదుంటే మాత్రం సగం ధరకిచ్చినా వద్దు.

అంతకంటే ముందు, అది నిజంగా డౌన్‌హిల్ బైకేనా చూసుకోండి. లావు ఫ్రేము, ముందూ వెనకా షాకబ్జర్లు ఉన్న ప్రతి సైకిలునీ ఆ పేరుతో అమ్మేస్తున్నారు. హ్యాండిలు మీద ఒంటి బరువంతా వేసి నొక్కి, టక్కున వదలండి. ఎగిరి గుండెకు తగిలేలా వచ్చిందంటే లోపల నూనె లేదు, ఉత్త స్ప్రింగు. అసలుదైతే పట్టి పట్టి పైకొస్తుంది. అసలు డౌన్‌హిల్ ఫోర్కు సుమారు 200 మిల్లీమీటర్లు దిగుతుంది. దాని రెండు గొట్టాలూ హెడ్ ట్యూబుకు (ఫ్రేము ముందు భాగంలో ఫోర్కు దూరే పొట్టి గొట్టం) కిందా పైనా రెండు పట్టీల్లో బిగించి ఉంటాయి, మోటారు సైకిలు ఫోర్కులాగా. బండి బరువు 15 నుంచి 17 కిలోలు.

ఆ బరువు గురించి ఇంకో మాట. విదేశాల్లో ఈ బైకులను కొండ మీదికి రోప్‌వే కుర్చీల్లో ఎక్కిస్తారు. మనకు ఆ వసతి లేదు. కొండవీడు లాంటి చోట ఘాట్ రోడ్డుంది కాబట్టి ట్రాలీ ఆటోలో పైకి చేరవచ్చు. మిగతా చోట్ల తోసుకుంటూ ఎక్కాల్సిందే. ప్రకాశం బ్యారేజీ మీదుగా ఆఫీసుకు కూడా ఇదే తొక్కుతానంటే, వద్దని గట్టిగా చెబుతాను. సీటు కింద ఉంటుంది, ముందు పళ్ళచక్రం ఒక్కటే, ఎక్కుడుకు పనికొచ్చే గేర్లుండవు. అలాంటివారికి ఫోర్కు 160 మిల్లీమీటర్లు దిగే ఎండ్యూరో బైకు మేలు. అది ఎక్కుతుంది, దిగుతుంది కూడా. కొండపల్లి చుట్టూ ఉన్నది రిజర్వు అడవి, లోపలి దారుల్లో తొక్కాలంటే ముందు అటవీ శాఖ వాళ్ళను అడిగి వెళ్ళండి.

ఇక చూడాల్సిన వాటిలో మొదటిది ఫ్రేము. నా మొదటి బైకు నేను ఫోటోలు చూసి కొన్నాను, 38 వేలకు. పార్సిల్ విప్పి తుడుస్తుంటే హెడ్ ట్యూబు కింద ఒక స్టిక్కరు అంచు లేచి ఉంది. గోటితో గీకితే ఊడొచ్చింది. దాని కింద వెల్డింగు వెంబడి వెంట్రుక మందాన పగులు, రెండు అంగుళాల పొడవు. అమ్మినతను ఫోనెత్తలేదు. ఆ రోజు నుంచి ఎవరి బైకు చూడ్డానికి వెళ్ళినా జేబులో కిరసనాయిలు సీసా, తెల్ల సుద్దముక్క ఉంటాయి.

పాత పోత ఇనుములో పగుళ్ళు కనిపెట్టడానికి మా షెడ్డుల్లో ఎప్పటినుంచో వాడే పద్ధతే ఇది. అనుమానం ఉన్నచోట మురికి పూర్తిగా తుడిచి, గుడ్డతో కిరసనాయిలు పట్టించండి. ఐదు పది నిమిషాలు ఆగండి. తర్వాత పొడి గుడ్డతో ఆ తడి ఏమాత్రం లేకుండా తుడిచేసి, పైన సుద్ద రుద్దండి. పగులుంటే లోపల దాగిన కిరసనాయిలు మెల్లగా పైకి ఊరి, సుద్ద మీద నల్లటి సన్నని గీతలా తేలుతుంది. పెయింటు మాత్రమే చిట్లినా గీత రావచ్చు. అప్పుడు అమ్మేవాళ్ళను అడిగి, అక్కడ చిటికెడు పెయింటు గీకి లోహం మీద మళ్ళీ చేయండి. గీకనివ్వకపోతే లేచి వచ్చేయండి. బ్రేకు డిస్కుల దగ్గరికి మాత్రం ఆ గుడ్డ పోనివ్వకండి, చుక్క పడినా ప్యాడ్లు పాడైపోతాయి.

ఎక్కడెక్కడ చూడాలంటే, హెడ్ ట్యూబు, కింది గొట్టం కలిసే అతుకు, అక్కడ బలానికి పెట్టిన పట్టీ ముగిసే చోటు, వెనక షాకు బిగించిన చెవులు, పెడళ్ళ ఇరుసు చుట్టుపక్కల, వెనక చక్రం పట్టుకునే చివరలు. కింది గొట్టానికి రెండు పక్కలా ఫోర్కు తగిలి పడ్డ సొట్టలున్నాయేమో కూడా తడిమి చూడండి. ఫోర్కు గొట్టాలకుండే రబ్బరు దిమ్మలు ఊడిపోయి, హ్యాండిలు గిర్రున తిరిగిపోతే పడే దెబ్బలవి.

"పగులుంటే ఏముందన్నా, ఆర్గాన్ వెల్డింగు కొట్టిద్దాం" అంటారు కుర్రాళ్ళు. మా వీధిలో అల్యూమినియం అద్భుతంగా అతికేవాళ్ళున్నారు, నేనే పని ఇస్తుంటాను. కానీ ఈ ఫ్రేములు ఎక్కువగా 6061 రకం అల్యూమినియం. వెల్డింగు వేడి తగిలిన చోట ఆ లోహం మెత్తబడిపోతుంది. అందుకే కంపెనీలో అతికాక మొత్తం ఫ్రేమును 500 డిగ్రీలు దాటే వేడికి తీసుకెళ్ళి, చల్లార్చి, మళ్ళీ తక్కువ వేడిలో గంటల తరబడి ఉంచి బలం తెప్పిస్తారు. ఆ కొలిమి మన దగ్గర లేదు. పైకి అతుకు బ్రహ్మాండంగా కనిపిస్తుంది, దాని పక్కన మెత్తబడ్డ చోట మళ్ళీ విరుగుతుంది. విరిగేది హెడ్ ట్యూబు దగ్గరైతే ముఖం నేరుగా రాళ్ళకే. పగిలిన ఫ్రేము వద్దే వద్దు. పాత కార్బన్ ఫ్రేములకు కూడా నేను దూరం, లోపలి దెబ్బ నా సుద్దకు అందదు.

రెండోది ఫోర్కు. రబ్బరు సీలులోంచి పైకి కనిపించే నున్నటి గొట్టాన్ని స్టాంచన్ అంటారు. గుడ్డతో తుడిచి, గోటిని నిలువుగా పైనుంచి కిందికి నెమ్మదిగా లాగండి. చుట్టూ నాలుగు వైపులా. గోరు టక్కున ఆగితే అక్కడ గీత ఉన్నట్టు. పై పట్టీకి దగ్గర్లో, సీలు ఎప్పుడూ చేరని చోట ఉంటే పర్లేదు. సీలు తిరిగే మేర ఉంటే మాత్రం ప్రతి దిగుడుకీ సీలును కోస్తుంది, నూనె కారుతుంది, దుమ్ము లోపలికి పోతుంది. మోటారు సైకిలు ఫోర్కు గొట్టం ఉక్కు, గీత పడితే హార్డ్ క్రోమ్ వేయించి గ్రైండింగు చేయిస్తాం. ఇది అల్యూమినియం, పైన సన్నటి అనోడైజింగ్ పూత. ఆ పూత పోతే మా వీధిలో ఎవరూ తిరిగి తేలేరు.

తర్వాత ముందు బ్రేకు పట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపండి. ఒక వేలు సీలు దగ్గర, గొట్టం లోపలికి దిగే చోట ఉంచండి. అక్కడ టక్ టక్ మని తగిలితే లోపలి బుష్‌లు పోయాయి. వాటిని కొలతకు సరిపెట్టే పనిముట్లు వేరు. నేనొకసారి లేత్ మీద ప్రయత్నించి వదిలేశాను. ఆ లూజు హెడ్ ట్యూబు కప్పుల దగ్గర తెలిస్తే భయపడక్కర్లేదు, అక్కడివి మామూలు బేరింగులు.

సీళ్ళు పాతబడటం, నూనె నల్లబడటం పెద్ద తప్పేం కాదు. ఫోర్కు కింది భాగంలో నూనె 50 గంటల తొక్కుడుకోసారి మార్చాలని ఫోర్కులు చేసే రాక్‌షాక్స్ కంపెనీ వాళ్ళ లెక్క, అలా మార్చేవాళ్ళు తక్కువే. సీళ్ళు తెప్పించేటప్పుడు కొలత చూసుకోండి. రాక్‌షాక్స్ వాళ్ళ బాక్సర్ ఫోర్కు గొట్టం 2010కి ముందు 32 మిల్లీమీటర్లు, 2010 నుంచి 35, 2023లో వచ్చిన కొత్తదానికి 38 చేశారు. ఫాక్స్ కంపెనీ వాళ్ళ 40 ఫోర్కుకైతే కొలత పేరులోనే ఉంది. వెర్నియర్ పెట్టి కొలిచి రాసుకోండి.

వెనక షాకు, దాని చుట్టూ ఉండే కీళ్ళు మా ఆటోనగర్ రాజ్యం. వెనక చక్రాన్ని పక్కలకు ఊపండి, తర్వాత సీటు పట్టి కొంచెం పైకెత్తి వదలండి. లొట లొట అంటే ధర తగ్గించమనండి, బండిని వదలకండి. ఈ కీళ్ళ బేరింగులు గుండ్రంగా తిరగవు, కాస్త ముందుకీ వెనక్కీ కదులుతాయంతే. ఎప్పుడూ అవే గుండ్లు అదే చోట నొక్కడంతో గుంటలు పడతాయి. తీసి వేళ్ళ మధ్య తిప్పితే ఇసుక పోసినట్టు గరగరలాడుతుంది. మీద నంబరు చూసి బేరింగుల కొట్టుకు పోండి. 6902 అని ఉంటే లోపల 15, బయట 28, మందం 7 మిల్లీమీటర్లు. రెండు పక్కలా రబ్బరు మూత ఉన్నదే అడగండి. షాకు చెవుల్లో బుష్, పిన్ను అరిగితే ఏ మంచి లేత్ వాడైనా చేసిపెడతాడు. షాకు పాతది పట్టుకుపోతే చాలు.

షాకు లోపలి పని మాత్రం వేరు. స్ప్రింగు వదులు చేసి తీసేసి, ఒట్టి షాకును చేత్తో నొక్కండి. కడదాకా ఒకే బిగువుతో దిగాలి. మధ్యలో చప్ చప్ మని ఖాళీ తగిలితే నూనెలో గాలి కలిసింది, దాన్ని బయటి ఊరికి పంపించాలి, ఆ ఖర్చు ధరలోంచి తీసేయించండి. స్ప్రింగు మీద 450 అనో 400 అనో రాసుంటుంది, అంగుళం నొక్కడానికి అన్ని పౌండ్లని. మీరు ఎక్కి కూర్చుంటే మొత్తం దిగుడులో మూడో వంతుకు కాస్త తక్కువ దిగాలి. అంతకంటే బాగా ఎక్కువ దిగితే ఇంకా గట్టి స్ప్రింగు కొనాల్సిందే.

చక్రాల్లో బెండు తీయించుకోవచ్చు. స్పోకు రంధ్రాల దగ్గర పగుళ్ళుంటే ఆ రిమ్ము పోయినట్టే. 26 అంగుళాల బైకు చవగ్గా దొరుకుతుంది, ఎందుకంటే కంపెనీలు 2014 ప్రాంతం నుంచి 27.5కి, తర్వాత 29కి మారిపోయాయి. మొదటి బైకుగా 26 నాకిష్టమే, కాకపోతే దానికి మంచి డౌన్‌హిల్ టైర్లు వెతుక్కోవాలి. వెనక హబ్బు 150, 157 మిల్లీమీటర్ల వెడల్పుతో వస్తుంది, మామూలు సైకిలు షాపులో దొరకదు. కాబట్టి అది గరగరలాడకుండా తిరగాలి.

బ్రేకు లివరు నొక్కి నిమిషం పట్టుకోండి. మెల్లగా కిందికి జారిపోతే ఎక్కడో కారుతోంది. షిమానో బ్రేకుల్లో మినరల్ ఆయిల్, శ్రామ్ కోడ్ లాంటి వాటిలో డాట్ ఫ్లూయిడ్. ఒకదాంట్లో ఇంకోటి పోస్తే సీళ్ళు ఉబ్బి పాడవుతాయి. షిమానో డిస్కు మందం 1.5 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చాలి. చైను, పళ్ళచక్రాలు ఎలా ఉన్నా నేను పట్టించుకోను, అవి మార్చుకునేవే.

డబ్బు మొత్తం బండికే పెట్టకండి. నా చేతిలో 60 వేలుంటే 45కి మించి బండికివ్వను. మిగతాది సీళ్ళు, నూనె, ప్యాడ్లు, టైర్లు, మోకాలి గార్డులు, అన్నిటికంటే ముఖ్యంగా ముఖం మొత్తం కప్పే కొత్త హెల్మెట్. హెల్మెట్ ఎవరిదీ పాతది కొనకండి, లోపలి థర్మోకోల్ ఒకసారి నలిగితే రెండోసారి కాపాడదు. పెడళ్ళ ఇరుసు కింద ఫ్రేము నంబరు చెక్కి ఉంటుంది, దాన్ని ఫోటో తీసి, అమ్మిన కాగితంలో రాయించి సంతకం పెట్టించుకోండి. గీకేసి ఉంటే అది దొంగ బండి కావచ్చు, ముట్టుకోవద్దు.

మా తమ్ముడు చివరికి కొండవీడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి బెంగళూరు యశ్వంత్‌పూర్ వెళ్ళాడు, సుద్దముక్కతో సహా. వీడియో కాల్‌లో ఫ్రేమంతా చూపించాడు, గీత రాలేదు. స్టాంచన్లు శుభ్రం. వెనక కీళ్ళు మాత్రం నాలుగూ పోయాయి. "అన్నా, బేరింగులు మార్చాలి, ఐదు వేలు తగ్గించండి" అని అడిగితే అతను నాలుగు తగ్గించాడు. 41కి తీసుకున్నాడు.

రైల్లో పార్సిల్ వేసే ముందు వాడితో చేయించిన పనులు మీరూ చేయండి. హ్యాండిలు, పెడళ్ళు, ముందు చక్రం ఊడదీయండి. ఫోర్కు చివర ఇరుసు మళ్ళీ బిగించండి, లేకపోతే మీద బరువు పడి రెండు కాళ్ళూ దగ్గరికి నొక్కుకుపోతాయి. బ్రేకు ప్యాడ్ల మధ్య మందపాటి అట్ట ముక్క దూర్చండి, దారిలో లివరు నొక్కుకుంటే పిస్టన్లు బయటికి వచ్చేస్తాయి. స్టాంచన్లకు పాత నూలు చీర నాలుగు చుట్లు చుట్టి తాడుతో కట్టండి. స్టేషనులో మూట దించుకున్నాక ముందు ఆ చీర విప్పి, పార్సిల్ ఆఫీసు గుమ్మం దాటకముందే మళ్ళీ ఒకసారి గోరు పెట్టి చూసుకోండి.