నోడ్ అప్లికేషన్ ఆగేముందు క్లీనప్ కోడ్ నిజంగా రన్ అవ్వాలంటే

ఆగేముందు అన్నీ పద్ధతిగా మూసే క్లీనప్ కోడ్ రాసినా, డిప్లాయ్ చేసిన ప్రతిసారీ కొన్ని రిక్వెస్టులు మధ్యలోనే తెగిపోతున్నాయా? ముందు డాకర్‌ఫైల్ (కంటెయినర్‌ని తయారుచేసే సూచనల ఫైల్) తెరవండి. చాలాసార్లు ఆగమని చెప్పే సిగ్నల్ నోడ్ దాకా చేరనే చేరదు.

డాకర్ స్టాప్ కొడితే కంటెయినర్‌లో పీఐడీ 1గా, అంటే మొదటి ప్రాసెస్‌గా ఉన్నదానికి సిగ్‌టర్మ్ (ఆగమని అడిగే సిగ్నల్) వెళ్తుంది. 10 సెకన్లలో అది ఆగకపోతే సిగ్‌కిల్ (బలవంతంగా ఆపేసే సిగ్నల్) పడుతుంది. దాన్ని ఏ హ్యాండ్లర్‌తోనూ (సిగ్నల్ వస్తే నడిచే మీ కోడ్) పట్టుకోవడం కుదరదు. డాకర్‌ఫైల్‌లోని సీఎండీ లైన్‌లో కమాండ్‌ని ఉత్తినే రాసేస్తే పీఐడీ 1గా షెల్ కూర్చుని, సిగ్నల్‌ని కిందికి పంపకపోవచ్చు. అందుకే "నోడ్", "సర్వర్.జేఎస్" అని చదరపు బ్రాకెట్లలో, విడివిడి కోట్స్‌లో పెట్టండి. మధ్యలో ఎన్‌పీఎం స్టార్ట్ వద్దు.

హ్యాండ్లర్ మొదటి లైన్‌లోనే ఒక లాగ్ వేసి, కంటెయినర్‌ని ఆపి చూడండి. పూర్తిగా 10 సెకన్లు పట్టి ఎగ్జిట్ కోడ్ 137 (128 + 9) వస్తే సిగ్‌కిల్ పడినట్టే. లాగ్ కూడా కనబడలేదంటే సిగ్నల్ అందలేదు. కనబడితే మీ క్లీనప్పే ఎక్కడో ఇరుక్కుంది.

హ్యాండ్లర్‌లో వరుస తప్పకూడదు. హోటల్ మూసేటప్పుడు ముందు షట్టర్ సగం దించుతారు, తింటున్నవాళ్లు లేచాకే పొయ్యి ఆర్పుతారు. ఇక్కడ షట్టర్ అంటే సర్వర్.క్లోజ్. కొత్త కనెక్షన్లు ఆగి, ఉన్నవి ముగిశాక దాని కాల్‌బ్యాక్ వస్తుంది. క్యూ వర్కర్లని (వెనకాల పనులు చేసేవి), ఆ తర్వాత డేటాబేస్ పూల్‌ని (తెరిచి ఉంచిన డేటాబేస్ కనెక్షన్లు) అప్పుడు మూయండి. పూల్‌ని ముందే మూస్తే, నడుస్తున్న రిక్వెస్టులన్నీ ఎర్రర్లతో పోతాయి.

కాల్‌బ్యాక్ ఎంతకీ రాకపోతే కీప్ అలైవ్‌లో, అంటే మళ్లీ వాడుకోడానికి తెరిచి ఉంచి, ఖాళీగా ఉన్న కనెక్షన్లని అనుమానించండి. నోడ్ 19 నుంచి క్లోజే వాటిని మూసేస్తుంది. నోడ్ 18లో అయితే 18.2లో వచ్చిన క్లోజ్‌ఐడిల్‌కనెక్షన్స్‌ని మీరే పిలవాలి. వెబ్‌సాకెట్లని ఏ వెర్షన్‌లోనైనా మీరే మూయాలి. ఇంకోటి, క్లీనప్‌ని ప్రాసెస్ 'ఎగ్జిట్' ఈవెంట్‌లో పెట్టకండి. అక్కడ అసింక్ పని పూర్తవదు.

కంటెయినర్లని నడిపే కుబర్నెటీస్‌లో, సిగ్‌కిల్ పడేదాకా డీఫాల్ట్ గడువు 30 సెకన్లు. సర్వీస్ జాబితాలోంచి పాడ్‌ని (అక్కడ మీ కంటెయినర్ ఉండే యూనిట్) తీసేయడం, సిగ్‌టర్మ్ పంపడం ఒకేసారి మొదలవుతాయి కాబట్టి, షట్టర్ దించాక కూడా కొన్ని రిక్వెస్టులు వచ్చిపడతాయి. ప్రీస్టాప్‌లో (సిగ్‌టర్మ్‌కి ముందు నడిచే దశ) 5 సెకన్ల స్లీప్ పెడితే సాధారణంగా సరిపోతుంది. ఆ 5 కూడా 30లోంచే పోతాయి. అందుకని హ్యాండ్లర్‌లో 20 సెకన్ల టైమర్ పెట్టి, దానిమీద అన్‌రెఫ్ పిలవండి. లేకపోతే పని ముగిసినా ఆ టైమరే ప్రాసెస్‌ని పట్టి ఉంచుతుంది. టైమర్ మోగితే ఏ దశలో ఆగిందో లాగ్ చేసి, కోడ్ 1తో బయటపడండి.