జనగణనతో పరిశోధన, 4వ పాఠం: మీరు చెప్పేది ఏ చెన్నై?

పోయిన పాఠం చివర ఒకే ఒక్క ప్రశ్న ఇచ్చాను: 2011 జనగణన ప్రకారం చెన్నై జనాభా ఎంత? కొందరు 46 లక్షలన్నారు, కొందరు 67, ఇంకొందరు 86. ఒకరైతే తమిళనాడు జనాభాని 28 కోట్లకు పైగా తేల్చి, ఎక్కడో తేడా కొడుతోందని వాళ్ళే రాశారు. ఈసారి వలస పట్టికలు మొదలుపెడదామనుకున్నాను. అవి ఆగుతాయి, ముందు ఈ ముడి విప్పాలి.

28 కోట్ల సంగతి చిటికెలో తేలిపోతుంది. జిల్లా స్థాయి ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్ (జనాభా, అక్షరాస్యత, పనివాళ్ళ లాంటి మూల లెక్కల పట్టిక) ఫైల్లో రాష్ట్రానికి మూడు వరుసలుంటాయి: మొత్తం, గ్రామీణ, పట్టణ. ప్రతి జిల్లాకూ మళ్ళీ అవే మూడు. కాలమ్ అడుగున సమ్ కొడితే ఒక్కో మనిషీ నాలుగుసార్లు లెక్కలోకొస్తాడు. 7,21,47,030ని నాలుగుతో గుణించండి, ఆ 28 కోట్లు కనిపిస్తాయి. టీఆర్‌యూ (టోటల్, రూరల్, అర్బన్) కాలమ్‌లో టోటల్, లెవెల్ కాలమ్‌లో డిస్ట్రిక్ట్ ఉంచి ఫిల్టర్ చేస్తే గొడవ వదిలిపోతుంది. చెన్నై గ్రామీణ వరుసలో సున్నా ఉంటే ఫైలు పాడైందనుకోకండి. ఆ జిల్లాలో పల్లెలు లేవు, అంతే.

ఇక అసలు తంటా. 46, 67, 86 మూడూ సరైనవే. ఎటొచ్చీ మూడూ ఒకే చెన్నైవి కావు.

జనగణన 2011 మార్చి 1 నాటి లెక్క. ఆ రోజుకి చెన్నై జిల్లా, కార్పొరేషన్ రెండూ ఒకటే. విస్తీర్ణం సుమారు 175 చదరపు కిలోమీటర్లు, జనం 46,46,732. అదే ఏడాది అక్టోబరులో కార్పొరేషన్ చుట్టుపక్కల 42 స్థానిక సంస్థల్ని కలుపుకుని 426 చదరపు కిలోమీటర్లయింది. వార్డులు 155 నుంచి 200 అయ్యాయి. ఈ కొత్త హద్దులోని 2011 జనాభాయే సుమారు 67 లక్షలు. ఆవడి, పల్లావరం, తాంబరం లాంటివి కూడా కలిపిన నగర సముదాయానిది 86 లక్షల పైచిలుకు.

పేపర్లలో, థీసిస్‌లలో నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. పైన ఒక చెన్నై, కింద ఇంకో చెన్నై పెట్టి భాగిస్తారు. 46,46,732ని 426తో భాగించండి: చదరపు కిలోమీటరుకి 10,900 మంది వస్తారు. జనగణన వేసిన జనసాంద్రత 26,553. హద్దు మారినందుకే ఊరు సగానికి పైగా ఖాళీ అయిపోయింది! ఇప్పటి కార్పొరేషన్ బడులను, ఆరోగ్య కేంద్రాలను పాత జనాభాతో భాగిస్తే ఊళ్ళో సదుపాయాలకు కొదవే లేదనిపిస్తుంది. వార్డులు మరీ ఘోరం. 2011 ఫైల్లోని 100వ వార్డు, ఇప్పటి 100వ వార్డు ఒకటేనన్న భరోసా లేదు. నంబరు చూసి జత చేయకండి. చెంగల్పట్టు జిల్లా ఫైల్లో దొరకలేదని అడిగినవాళ్ళకి కూడా ఇదే జవాబు. అది 2019లో కాంచీపురం నుంచి విడిపోయింది, 2011లో లేదు.

మన రాష్ట్రాల మీద పనిచేసేవాళ్ళకీ ఇదే చిక్కు. 2011 ఫైల్లో ఆంధ్రప్రదేశ్ అంటే 23 జిల్లాలు, 8.46 కోట్ల జనం. జిల్లా కోడ్‌లు 532 నుంచి 554 దాకా. వాటిలో 532 ఆదిలాబాద్ నుంచి 541 ఖమ్మం వరకు తీస్తే తెలంగాణ వస్తుంది. అయితే పోలవరం ముంపు మండలాలు ఖమ్మం కోడ్‌లోనే ఉండిపోయాయి. వాటిని విడిగా తీసి ఆంధ్రలో కలపాలి.

నేను ఊరి పేరుతో ఎప్పుడూ వెతకను, కోడ్‌తోనే వెతుకుతాను. ఒకే తిరువళ్ళూరుని ఇంగ్లీషులో ఒక ఫైలు ఒకలా, ఇంకో ఫైలు ఇంకోలా రాస్తుంది. 602 మాత్రం 602గానే ఉంటుంది. చెన్నై 603, కాంచీపురం 604. ఎక్సెల్‌లోకి తెచ్చేటప్పుడే కోడ్ కాలమ్‌లను టెక్స్ట్‌గా పెట్టుకోండి, లేకపోతే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. అక్షరాస్యత శాతం కట్టేటప్పుడు హారంలోంచి 0–6 ఏళ్ళ పిల్లల్ని తీసేయాలని వేరే చెప్పనక్కర్లేదు కదా.

ఇంకో మాట. చెన్నైకి 46,81,087 అని ఎక్కడైనా కనిపిస్తే అది 2011లో ముందుగా ఇచ్చిన తాత్కాలిక అంకె. తుది లెక్కలు వచ్చి ఏళ్ళయినా జనం దాన్నే ఎత్తి రాస్తున్నారు. సెన్సస్ ఇండియా సైట్‌లోని పట్టిక తప్ప మరి దేన్నీ నేను నమ్మను.

అభ్యాసం కాస్త గట్టిదే, ఒక ఆదివారం పోతుంది. ఇప్పటి 426 చదరపు కిలోమీటర్ల చెన్నైకి 2011 జనాభాని మీరే కట్టండి. 603 మొత్తం తీసుకోండి. 602 నుంచి అంబత్తూరు, మాధవరం, తిరువొత్తియూరు, 604 నుంచి ఆలందూరు, ఇలా విలీనమైన 42 పేర్లూ పట్టుకుని కలపండి. అందులో 25 గ్రామ పంచాయతీలు. వాటికోసం పల్లెల వరుసలొక్కటే గాలిస్తే కొన్ని దొరక్కపోవచ్చు. కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకి 400 మంది, ప్రధాన పనివాళ్ళైన (ఏడాదిలో ఆరు నెలలైనా పనిచేసిన) మగవాళ్ళలో 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండటం, ఈ మూడూ ఉంటే పంచాయతీ అయినా జనగణన దాన్ని సెన్సస్ టౌన్ కింద రాస్తుంది. అవి పట్టణాల వరుసల్లో ఉంటాయి. మొత్తం 67 లక్షల దరిదాపుల్లోకి రావాలి. అంకెతో పాటు ఏయే కోడ్‌లు కలిపారో ఆ జాబితా కూడా పంపండి. ఉత్త అంకె పంపితే చూడను.